మడిచిన విండోకు గుర్తుబొమ్మ

జగిత్యాల మామిడి మార్కెట్టులో ఒక గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చున్నాడనుకొందాము. తూకాలకు ఒకటి, రైతుల చెల్లింపులకు ఒకటి, లారీల లెక్కకు మరొకటిగా మూడు చిన్న విండోలు తెరపై ఉన్నవి. చోటు చాలక వాటిని మడిచి తెర అడుగున ఉన్న పట్టీలోకి దించినాడు. అక్కడ మూడింటికి ఒకే బొమ్మ ఉన్నచో తొందరలో ఒకటి తెరవబోయి మరొకటి తెరుస్తాడు. ఒక రైతు తూకం ఇంకొకరి లెక్కలో పడడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. ఈ చిక్కును తప్పించేదే గుర్తుబొమ్మ. దానినే ఐకాన్ అంటారు.

1990 ప్రాంతపు విండోస్‌లో మడిచిన విండో తెర అడుగున ఒక బొమ్మగా మారిపోయేది. 1995లో వచ్చిన విండోస్‌లో ఆ స్థానాన్ని పట్టీ ఆక్రమించినది. తరువాతి కాలంలో ఒకే ప్రోగ్రాముకు చెందిన విండోలను ఒక గుంపుగా చేర్చే పద్ధతి వచ్చినది. అయినప్పటికి గుంపును విప్పి చూచినప్పుడు ఒక్కొక్క విండోను పోల్చుకొనడానికి దాని పేరు, బొమ్మ తోడ్పడుతవి.

మరి ప్రశ్నలడిగి జవాబులు పుచ్చుకొనే చిన్న విండోకు, అనగా డైలాగు పెట్టెకు, బొమ్మ దానంతట అది ఎందుకు రాదు? విండోస్‌లో ప్రతి విండో ఒక తరగతికి చెందుతుంది. సాధారణంగా బొమ్మను ఆ తరగతికే తగిలిస్తారు. కాని డైలాగు పెట్టెలకు మామూలుగా వాడే తరగతి ముందుగానే ఏర్పడి ఉన్నది. అది అన్నిటికి ఉమ్మడి. దానికి బొమ్మ తగిలించినచో ప్రోగ్రాములోని తక్కిన పెట్టెలకు కూడ అదే బొమ్మ వస్తుంది. కనుక తరగతిని కదపకుండ, కావలసిన పెట్టెకే విడిగా "సెట్ ఐకాన్" అనే సందేశం పంపవలెను. పెట్టె తెరపైకి రాకముందు, దానిని సిద్ధంచేసే ఘట్టంలోనే ఈ పని జరగవలెను.

ఆ సందేశాన్ని రెండుసార్లు పంపవలసి ఉంటుంది: పెద్ద బొమ్మకు ఒకసారి, చిన్న బొమ్మకు ఒకసారి. మామూలు తెరపై పెద్దది 32 × 32 చుక్కలు, చిన్నది 16 × 16 చుక్కలు. విండో తలకట్టులో కనబడేది చిన్నది. ఒక విండోనుండి మరొక దానికి మారేటప్పుడు కనబడేది పెద్దది.

పెద్దదానినే కుదించి చిన్నదిగా వాడరాదా? లెక్క చూడండి. పెద్ద బొమ్మలో 1,024 గడులు, చిన్నదానిలో 256. నాలుగు గడులకు ఒకటే మిగులుతుంది. ఒక గడి మందంగల నల్లని నిలువు గీత ఆ నాలుగింటిలో రెండింటినే నింపుతుంది. సగటు తీసినచో గీత బూడిదరంగుకు దిగుతుంది. ఒక వరుస విడిచి ఒక వరుస తీసుకొన్నచో గీత పూర్తిగా మాయం కావచ్చును. అందువలన చిన్న బొమ్మను వేరుగానే గీయవలెను.

నేతపని ఎరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరలను నేసిన సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. నేత బొమ్మను ముందు గళ్ళ కాగితంపై దించుతారు. నిలువు వరుస పడుగుకు, అడ్డ వరుస పేకకు గుర్తు. నిండిన గడివద్ద పడుగు పైకి లేస్తుంది. అంచు సన్నమైనప్పుడు పువ్వును కుదిస్తే చాలదు. రేకులు తగ్గించి, పువ్వును మళ్ళీ గీయవలసిందే. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటరు కొరకు సుసాన్ కేర్ అనే చిత్రకారిణి కూడ గళ్ళ కాగితంపైనే గుర్తుబొమ్మలను తీర్చినది.

దీనిని తరగతిలో పరీక్షించడానికి కంప్యూటరైనా అక్కరలేదు. కోరుట్ల విద్యార్థులకు పసుపు కొమ్ము పరిచితమే. దానిని 16 × 16 గడులలో గీయమనండి. ఆకారం ఒక్కటే ఉన్నచో అది అల్లమో పసుపో తెలియదు. రంగు వేస్తే తెలుస్తుంది. కాని తెల్లని నేలపై పసుపు రంగు వెలిసినట్లుంటుంది గనుక చుట్టు ముదురు గీత కావలెను. ఆ గీతకే ఎన్ని గడులు ఖర్చయినవో లెక్కించి, మిగిలినవాటిలో ఏమి ఉంచవలెనో, ఏమి విడువవలెనో విద్యార్థులనే నిర్ణయించుకోనివ్వండి. తరువాత కాగితాన్ని నాలుగడుగుల దూరంలో పెట్టి, గీయనివారిని అది ఏమిటో చెప్పమనండి. వారు చెప్పగలిగినచో బొమ్మ పనికి వచ్చినట్లే.