నొప్పి తగ్గించే మందు ఊపిరి ఎందుకు ఆపుతుంది?

పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, క్యాన్సర్ నొప్పితో అల్లాడేవాళ్లకు డాక్టర్లు మార్ఫిన్ ఇస్తారు. గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండితే నల్లమందు. మార్ఫిన్ ఉండేది అందులోనే. ఒక మొక్క పాలకు మన మెదడు ఎందుకు లొంగాలి? ఎందుకంటే అలాంటి పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయి. వాటిని ఎండార్ఫిన్లు అంటారు. నాడీకణాల మీద వాటికోసం ఉన్న గ్రాహకాలకే మార్ఫిన్ కూడా మారుతాళం చెవిలా సరిపోతుంది. ఈ గ్రాహకాల సంగతి 1973లో బయటపడింది. మార్ఫిన్ అతుక్కోగానే వెన్నుపాము గుండా పైకి వెళ్లే నొప్పి కబురు తగ్గిపోతుంది. గాయం అలాగే ఉంటుంది, బాధ మాత్రం అంతగా తెలియదు.

చిక్కంతా ఎక్కడంటే, ఇవే గ్రాహకాలు పేగుల్లోనూ ఉన్నాయి. అందుకే మలబద్ధకం. ఊపిరిని నడిపించే మెదడు కాండంలోనూ ఉన్నాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గట్టిగా గాలి పీల్చేలా చేసేది అదే. మోతాదు మించితే అది మందగిస్తుంది. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, పెదాలు నీలం తిరుగుతాయి, మత్తులోనే ఊపిరి ఆగిపోవచ్చు. వెంటనే నలోక్సోన్ అనే విరుగుడు మందు ఇస్తే అది మార్ఫిన్‌ను గ్రాహకాల మీది నుంచి తోసేసి, నిమిషాల్లో ఊపిరి అందేలా చేస్తుంది. కానీ దాని ప్రభావం మార్ఫిన్ కంటే ముందే తగ్గిపోతుంది. కాబట్టి మనిషి కళ్లు తెరిచినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.