నాచును మేయు నత్తలు

సముద్రపు నీటిని గాజుతొట్టిలో నింపి, అందు చేపలను, పగడపు జీవులను పెంచువారికి తరచుగా ఒక చిక్కు ఎదురగును. రాళ్ళపై పచ్చని వెండ్రుకలవలె నాచు మొలచి, క్రమముగా పగడములను కప్పివేయును. చేపలు తినగా మిగిలిన మేత, వాని మలము కుళ్ళుటచే నీటిలో నైట్రేటులు, ఫాస్ఫేటులు పెరుగును. పైరునకు ఎరువెట్టిదో, నాచునకు ఇవి అట్టివి. మందు వేసినచో నాచుతోపాటు సున్నితమైన ప్రాణులును చచ్చు ప్రమాదము గలదు. కనుక నాచును తిను ప్రాణినే ఈ పనికి నియోగింతురు.

ఇందుకు రెండు తెగల సముద్రపు నత్తలు ఉపయోగపడును. వీనికి మామూలు నత్తలవలె వీపుపై గుల్ల కనబడదు. మొదటివి సముద్రపు కుందేళ్ళు. తలపై రెండు కొమ్ములు చెవులవలె నిక్కియుండుటచే వాని కా పేరు వచ్చినది. ఆకురాయి వంటి నాలుకతో ఇవి నాచును గీకి మ్రింగును. హిందూ, పసిఫిక్ మహాసముద్రములలో నుండు డోలాబెల్లా ఆరిక్యులేరియా ఇట్టిది. బెదరినచో ఇది ఊదారంగు ద్రవమును చిమ్మును.

రెండవ తెగవి రసమును పీల్చును. వీని నాలుకపై పండ్లు ఒకే వరుసలో నుండును. ఆ పంటితో నాచు కణమును పొడిచి, లోని రసమును లాగివేయును. బ్రయాప్సిస్, కాలెర్పా వంటి నాచులలో కణముల నడుమ అడ్డుగోడలు లేవు. మొక్క యంతయు అనేక కేంద్రకములు గల ఒకే కణమువంటిది. కనుక ఒక్క గాటుతోనే చాల రసము లభించును. ఎలీసియా క్రిస్పేటా అను నత్త, పీల్చిన హరితరేణువులను వెంటనే జీర్ణింపక తన దేహములో దాచుకొనును. దాని పచ్చదనమునకు కారణమిదియే.

అయితే నాచు ముగిసిన పిమ్మట నత్త ఆకలితో చచ్చును. దాని కళేబరము కుళ్ళి, తిరిగి నాచునకే ఎరువగును. కనుక మేత తగ్గించుట, నీరు మార్చుట మానరాదు. నత్త ఆ పనులకు తోడు మాత్రమే.

తొట్టిలోని నాచు సముద్రమున పడినచో ఏమగును? 1984లో మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాల ఎదుట, మధ్యధరా సముద్రములో, కాలెర్పా టాక్సిఫోలియా సుమారు ఒక చదరపు మీటరు మేర కనబడెను. అది తొట్లలో పెంచు రకము. 2000 నాటికి ఆరు దేశముల తీరములకు ప్రాకెను. నత్తలతో దానిని అణచవచ్చునా యని అలెగ్జాండర్ మైనెజ్ మొదలగు శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. అచ్చటి లోబిజర్ అను నత్త నాచును తినుచు ముక్కలు చేయును. ఆ ముక్కలు వేరూని క్రొత్త మొక్కలగును. అనగా భక్షించు ప్రాణియే వ్యాపింపజేయునదాయెను! ఉష్ణసముద్రములకు చెందిన ఎలీసియా సబోర్నేటా అచ్చటి చలికాలమునకు తాళజాలదు. 2000లో కాలిఫోర్నియాలో ఇదే నాచు కనబడగా, టార్పాలిన్లు కప్పి, వాని క్రింద క్లోరిన్ పంపి నాశనము చేసిరి. 2006లో అది పూర్తిగా తొలగినట్లు ప్రకటించిరి.

తొట్టిలో వేసిన నత్తను చేతితో పైకి తీయవచ్చును. సముద్రములో విడిచిన ప్రాణిని మరల పట్టుట సాధ్యము కాదు. అందుచే తొట్టి నుండి తీసిన నాచును కాలువలలో గాని సముద్రములో గాని పారవేయక, బాగుగా ఎండబెట్టి చెత్తలో వేయుట ప్రతివారి విధి.