మీకు తెలుసా? డార్క్ ఎనర్జీ లెక్కలో న్యూట్రినో చిక్కు

భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసే కాదు, అణు శాస్త్రవేత్త కూడా. లివర్‌పూల్ నగరంలో బీటా కిరణాల శక్తిని అయస్కాంతాల సాయంతో కొలిచారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ అణు పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు.

ఆ కిరణాల లెక్కలో కొంత శక్తి తక్కువ పడుతుండటంతో భౌతిక శాస్త్రవేత్త పౌలీ 1930లో న్యూట్రినో అనే కణాన్ని ఊహించాడు. 1956లో అది దొరికింది.

ఇప్పుడు డార్క్ ఎనర్జీ పరిశోధనకు ఆ కణమే చిక్కుముడి! విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తేలింది. అందుకు కారణమనుకునే డార్క్ ఎనర్జీ కాలంతో మారదనుకుంటే, మూడు రకాల న్యూట్రినోల ద్రవ్యరాశి కలిపినా 0.064 ఎలక్ట్రాన్ వోల్టులు మించదని 2025లో డెసి గెలాక్సీ సర్వే, విశ్వపు తొలి వెలుగు కొలతలు కలిపి చూపాయి. కణ భౌతిక ప్రయోగాల ప్రకారమేమో అది కనీసం 0.059 ఉండాలి. మధ్యలో మిగిలింది వెంట్రుకవాసి సందు.

డార్క్ ఎనర్జీ మారుతుందని ఒప్పుకుంటే పరిమితి సుమారు 0.16కు సడలుతుంది. అంటే ఒకదాని సంగతి తేలకుండా రెండోది తేలదు. విశ్వం లెక్కలతో పని లేకుండా, జర్మనీలోని కాట్రిన్ ప్రయోగంలో ట్రిటియం బీటా కిరణాలతో న్యూట్రినోను నేరుగా తూచే ప్రయత్నం చేశారు. ఒక్క న్యూట్రినో ద్రవ్యరాశికి 2025లో వాళ్లు ప్రకటించిన గరిష్ఠ పరిమితి 0.45 ఎలక్ట్రాన్ వోల్టులు.