ఆరుబయటి పాత కారుకు ఎట్టి కవరు తగును?

హైదరాబాదులోని అబిడ్స్‌కు ఆ పేరు ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా దేశస్థుని వలన వచ్చినది. ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దుస్తుల వ్యవహారం చూచేవాడు. తరువాత ఇక్కడ ఒక దుకాణం నడిపినాడు. ఆ నిజామే ఒక రోల్స్ రాయిస్ కారుకు ఆర్డరు పంపి, అది చేరకముందే 1911లో మరణించినాడు. పసుపుపచ్చని ఆ 1912 నాటి కారు కుమారుడైన ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కినది. ఉస్మాన్ అలీఖాన్ నివాసమైన కింగ్ కోఠీ అబిడ్స్‌కు కూతవేటు దూరంలోనే ఉన్నది. 1967లో ఆయన మరణించిన తరువాత ఆ ఆవరణలోని కార్లలో కొన్ని ఏళ్ళ తరబడి కదలక నిలిచి తుప్పు పట్టినాయి. రోడ్డుపై అరిగిపోయి కాదు, నిలిచి ఉండి చెడినాయి.

నిజాము కార్ల మాట అట్లుంచి, నాంపల్లి సందులలో వేపచెట్టు క్రింద నిలిపిన ఒక పాత అంబాసిడరునో ఫియట్‌నో తీసుకొందాము. షెడ్డుకు చోటు లేదు. తాతగారి నాటి బండి గనుక అమ్ముటకు మనసొప్పదు. 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏండ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసినది కనుక ఇట్టి బండ్లకు చట్టంలోను ఒక గౌరవస్థానం ఏర్పడినది. ఇంటివారు జూన్ నెలలో ఒక దళసరి ప్లాస్టిక్ టార్పాలిన్ తెచ్చి, చుక్క నీరు లోనికి పోకుండా నేలదాకా కప్పి, తాళ్ళతో బిగించి కడతారు. దసరాకు విప్పి చూస్తే తలుపుల అడుగున రంగు పొక్కి ఉంటుంది. సీట్లపై బూజు కనబడుతుంది. వాన పడనే లేదు గదా, ఈ నీరు ఎక్కడిది?

నీరు క్రిందినుండి వచ్చినది. తడిసిన నేలనుండి ఆవిరి ఎల్లప్పుడూ పైకి లేస్తూనే ఉంటుంది. బయట అయితే అది గాలిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ క్రింద దానికి దారి లేదు.

ఇక్కడ చిన్న లెక్క చూడవచ్చు. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 25 డిగ్రీల వద్ద 23 గ్రాములు మాత్రమే. శ్రావణమాసపు ఒక ఉదయం ఎండ వచ్చి కవరు వేడెక్కినది. లోపలి గాలి 30 డిగ్రీలకు చేరి, తడినేల ఆవిరితో నిండిపోయినది. కాని ఒక టన్ను ఇనుము అంత త్వరగా వేడెక్కదు. రాత్రి చల్లదనం దానిలో ఇంకను ఉన్నది. దాని ఉష్ణోగ్రత 25 డిగ్రీలే అనుకొంటే, దానిని తాకిన గాలి ప్రతి ఘనమీటరుకు 7 గ్రాముల నీటిని ఆ ఇనుముపై వదలిపెట్టక తప్పదు. చల్లని నీళ్ళ చెంబుపై చెమట పట్టుటకు కారణమూ ఇదే. గాలి ఆవిరితో నిండి, నీరుగా మారుట మొదలయ్యే ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. చెంబు చెమట కొంతసేపటికి ఆరిపోతుంది. కవరు క్రింద నేల తిరిగి తిరిగి ఆవిరిని అందిస్తూ ఉంటుంది గనుక ఈ చెమట మూడు నెలలు ఆరదు.

తుప్పుకు నీటి బిందువులు కూడ అవసరం లేదు. ఇంగ్లండులో వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడు 1920, 30 దశకాలలో చేసిన ప్రయోగాలలో, గాలిలో కొద్దిపాటి గంధక డైఆక్సైడు ఉంటే చాలు, సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటగానే తుప్పు వేగం ఒక్కసారిగా హెచ్చుతుందని తేలినది. వానాకాలంలో హైదరాబాదు గాలి ఆ హద్దును దాటియే ఉంటుంది; నాంపల్లి స్టేషను ప్రాంతపు రద్దీలో పొగకు కొదువ లేదు. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేతనే అది రంగును లోపలినుండి పైకి నెట్టి పొక్కేటట్లు చేస్తుంది.

ఈ సంగతిని పాఠశాలలో పరీక్షించుట సులభం. రెండు పళ్ళెములలో తడి ఇసుక పోసి, ఒక్కొక్క దానిలో ఒక సీసా మూతను బోర్లించి, దానిపై నూనె లేకుండా తుడిచిన రెండు ఇనుప మేకులు ఉంచవలెను. ఒక పళ్ళెమును పాలిథీన్‌తోను, రెండవ దానిని పలుచని నూలుగుడ్డతోను మూసి కట్టి, వాన లేని రోజులలో ఆరుబయట పెట్టవలెను. గుడ్డ క్రింది ఇసుక త్వరలోనే ఆరిపోతుంది. పాలిథీన్ లోపలి వైపున ప్రతి ఉదయం నీటి బిందువులు వ్రేలాడుతూ ఉంటాయి. వారం తరువాత రెండు పళ్ళెముల మేకులను ప్రక్క ప్రక్కన పెట్టి విద్యార్థులకు చూపవచ్చు.

అట్లని కవరే వద్దనుట పొరపాటు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. మే రెండవ వారంలో ఒకసారి, ఆగష్టు మొదటి వారంలో మరియొకసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు. ఆగష్టులో మబ్బులు కొంత కాపాడుతాయి. మే నెలలో ఆ దాక్షిణ్యం లేదు. అతినీలలోహిత కిరణాలు రంగులోని జిగురు పదార్థపు అణుబంధాలను త్రెంచివేస్తాయి. రంగు వెలసి, చేతికి సున్నంవలె అంటుకొంటుంది. నేటి కార్లకు పైన ఒక పారదర్శకమైన రక్షణ పూత ఉంటుంది. పాత కార్లకు అది లేదు. ఎండ దెబ్బ నేరుగా రంగుకే తగులుతుంది. దీనికితోడు పక్షుల రెట్టలోని యూరిక్ ఆమ్లం ఉన్నది. వేపచెట్టు నీడ చల్లనిదే గాని, ఆ కొమ్మలపై కాకులు కూడ ఉంటాయి.

ఇంకొక శత్రువు దుమ్ము. హైదరాబాదు నేల గ్రానైటు శిలలు అరిగి ఏర్పడినది. గ్రానైటులోని స్ఫటికశిల గాజుకంటె కఠినమైనది. దాని ముందు కారు రంగు ఎంతటిది? దుమ్ము పట్టిన కారుపై కవరు కప్పి వదులుగా వదిలితే, గాలికి అది రెపరెపలాడినప్పుడెల్లా ఉప్పుకాగితంతో రుద్దినట్లే. కనుక కారును కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఇంజను చల్లారిన తరువాతనే కప్పవలెను. కవరు కారు కొలతకు సరిపడవలెను. లోపలి వైపున మెత్తని నూలు అస్తరు ఉండవలెను.

ఇక గుడ్డ సంగతి. ఆవిరిని పోనిచ్చే గుడ్డ వానను ఎట్లు ఆపగలదు? రెండూ నీరే గదా! నీటి ఆవిరిలోని అణువులు విడివిడిగా తిరుగుతాయి. వాన చినుకులో కోట్లాను కోట్ల అణువులు తలతన్యత వలన ఒక ముద్దగా పట్టుకొని ఉంటాయి. మైనము వంటి నీటికి అంటని పదార్థంతో చేసిన అతి సన్నని రంధ్రాలలోనికి ఆ ముద్ద దూరలేదు. విడి అణువు సులభంగా దాటిపోతుంది. గొడుగు గుడ్డ కూడ కొంతవరకు ఈ పద్ధతిననుసరించియే పనిచేస్తుంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను వేగంగా సాగదీసి కంటికి కనబడని రంధ్రాలు గల పొరను చేసినప్పటినుండి ఇట్టి గుడ్డల తయారీ చాల ముందుకు సాగినది. ఈనాటి మంచి కవర్లలో ఇట్టి పొర ఒకటి రెండు గుడ్డల నడుమ ఉంటుంది.

దుకాణదారు మాటను నమ్మనక్కరలేదు. ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకొంటే చాలు. దానిపై ఒక చెంచా నీరు పోస్తే తామరాకుపై వలె బిందువులుగా నిలువవలెను. అదే ముక్కను వేడినీళ్ళ గ్లాసు మూతికి బిగించి కట్టి, పైన ఒక చల్లని స్టీలు గ్లాసును బోర్లిస్తే, ఆ గ్లాసు లోపల మసక పట్టవలెను. మొదటి పరీక్షలో మాత్రమే నెగ్గినది టార్పాలిన్. రెండవ దానిలో మాత్రమే నెగ్గినది మామూలు నూలుగుడ్డ. అది ఎండాకాలానికి చాలు గాని, వానలో తడిసి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పి.వి.సి. పూత గలవి అన్నిటికంటె చెడ్డవి. వేడికి వాటిలోని మెత్తదనమిచ్చే నూనెలు బయటికి వచ్చి రంగుకు అంటుకొంటాయి.

రెండు పరీక్షలలోను నెగ్గిన కవరు ఖరీదైనది. అది అందుబాటులో లేనివారు కారుకు ఒక గజం ఎత్తున నాలుగు గుంజలపై ఆ టార్పాలిన్‌నే పందిరిగా వేసి, కారుపై నూలుగుడ్డ కప్పుట మేలు. గాలి నాలుగు వైపులా ఆడుతుంది. కారును టార్పాలిన్ తాకదు. నేలపై షాబాదు బండలు పరచి, సందులు సిమెంటుతో పూడిస్తే, క్రిందినుండి వచ్చే ఆవిరి చాలవరకు తగ్గిపోతుంది. వానలు తెరిపి ఇచ్చిన ప్రతి రోజు కవరు తీసి, కారు తలుపులు తెరచి, రెండు మూడు గంటలు గాలి తగలనివ్వవలెను. తీసిన కవరును దులిపి, అస్తరు వైపు లోపలికి వచ్చేటట్లు మడవవలెను. లేకున్న బయటి దుమ్మంతా మరునాడు రంగుమీదికే చేరుతుంది.