కాగితం ఏ బల్ల మీద వున్నది?

"ఇన్‌వర్డు నంబరు పడిందండీ. కాగితం పైకి వెళ్ళింది. అంతకు మించి నాకు తెలియదు."

ఈ ముక్క నేను ఒకే మనిషితో పదమూడుసార్లు అన్నాను. అది 1984వ సంవత్సరం. విజయవాడలో ఒక కంపెనీలో నేను తపాలు గుమాస్తాను. ఆ వచ్చే పెద్దమనిషి మా కంపెనీకి లెక్కల పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి ఇచ్చే బైండింగు షాపు యజమాని. షాపంటే పెద్ద షాపేమీ కాదు. ఒక గది, ఒక కటింగు మిషను, ఇద్దరు కుర్రవాళ్లు. ఆయనకు మేము ఇవ్వవలసినది 1,840 రూపాయలు. బిల్లు ఇచ్చి రెండు నెలలయినా సొమ్ము రాలేదు.

"పోనీ, ఇంకొక బిల్లు వ్రాసి ఇవ్వమంటారా, గుమాస్తాగారూ?" అని అడిగాడాయన. అడగగానే అకౌంట్సు వారు అడ్డు చెప్పారు. నకలు మీద సొమ్మిచ్చిన తరువాత అసలు బిల్లు ఎక్కడి నుంచో బయటపడితే రెండుసార్లు ఇచ్చినట్లవుతుంది గదా! వారి మాటా న్యాయమే. ఆయన ఆకలీ న్యాయమే. కాగితం మాత్రం కనిపించలేదు.

తమాషా ఏమంటే, ఆయన బిల్లుకు నేను నంబరు వేసిన ఇన్‌వర్డు రిజిస్టరు కూడా ఆయన కుట్టి ఇచ్చినదే.

ఈ కథ ఇప్పుడు ఎందుకు గుర్తుకు వచ్చిందంటే, ఈ మధ్య ఒక బంధువుల కుర్రవాడు తాను పనిచేసే ఆఫీసుకు నన్ను తీసుకువెళ్లాడు. అక్కడ తపాలు గుమాస్తా లేడు. వున్నది ఒక స్కానరు, ఒక అమ్మాయి, కంప్యూటరులో దస్తావేజులను నడిపించే ఒక సాఫ్ట్‌వేరు. "ఫలానా బిల్లు ఎక్కడ వున్నది?" అని అడిగితే ఆ అమ్మాయి నాలుగు అక్షరాలు నొక్కి, "మూడవ తారీఖు నుంచి స్టోర్సు ఆఫీసరుగారి దగ్గర వుందండీ" అన్నది. నలభై ఏళ్ల క్రితం నేను చెప్పలేకపోయిన జవాబు అది. ఆ జవాబు వెనుక ఏమి వున్నదో పాఠకులకు చెప్పాలనిపించింది.

కాగితం మజిలీలు

వెనుకటి ఆఫీసులో ఒక బిల్లు వచ్చిందంటే దానికి ఎన్ని మజిలీలో! తపాలు గుమాస్తా ముద్ర వేసి నంబరు ఇస్తాడు. బంట్రోతు దాన్ని స్టోర్సుకు మోస్తాడు. సరుకు ముట్టిందని స్టోర్సు వారు వ్రాయాలి. ఆర్డరు ఇచ్చిన సెక్షను వారు ధర సరిచూడాలి. ఆఫీసరు సంతకం చేయాలి. అకౌంట్సులో వోచరు తయారు కావాలి. చివరకు చెక్కు.

ఇందులో ఎవరూ దొంగలు కారు. కాని కాగితం ఒక్కటే. అది ఒక బల్ల మీద వున్నంతసేపు మరొక బల్లకు కనబడదు. ఆఫీసరు సెలవు పెడితే అదీ సెలవు పెడుతుంది. పెద్ద ఫైలు కింద పడితే చిన్న బిల్లుకు ఊపిరాడదు. స్కానింగు చేసేది ముఖ్యంగా ఇదే: కాగితాన్ని మజిలీల నుంచి తప్పించి, దాని బొమ్మను ప్రయాణం చేయించడం.

బొమ్మ పుట్టే విధం

కాగితం నుంచి కంప్యూటరులోకి బొమ్మను ఎక్కించడం నిన్న మొన్నటి విద్య కాదు. అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసే రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు 1957లోనే ఆ పని చేశాడు. ఎక్కించిన బొమ్మ ఏమిటనుకున్నారు? మూడు నెలల తన పసిబిడ్డ ఫోటో! నిలువున 176, అడ్డముగా 176 చుక్కలు. అంటే మొత్తం ముప్ఫై ఒక్క వేలకు కొంచెం తక్కువ.

నేటి ఆఫీసులలో సాధారణంగా అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాను చేస్తారు. ఆ లెక్కన ఒక ఏ-4 కాగితం 2,480 అడ్డ చుక్కలు, 3,508 నిలువు చుక్కలు అవుతుంది. గుణించి చూడండి, సుమారు 87 లక్షలు. దీపపు వెలుగు కాగితం మీద పడి తిరిగి వస్తుంది. తెల్లని చోటి నుంచి ఎక్కువగా, సిరా వున్న చోటి నుంచి తక్కువగా వస్తుంది. ఆ ఎక్కువ తక్కువలను కొలిచి అంకెలుగా మార్చేదే స్కానరు.

కాని మిషను ముందు కాగితం పెట్టకముందే మనిషి పని వున్నది. గుండుసూదులు తీయాలి. ట్యాగులు విప్పాలి. మడతలు సరిచేయాలి. వెనుక వైపు వ్రాత వున్నదేమో చూడాలి. ఒక బిల్లుకూ మరొక బిల్లుకూ మధ్య బార్‌కోడు అనే నల్లచారల గుర్తు వున్న కాగితం పెడితే, ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలయిందో మిషనుకు తెలుస్తుంది. ఇది విసుగు పుట్టించే పనే. కాని ఇక్కడ ఒక్క సూది మిగిలిపోతే రెండు కాగితాలు కలిసి ఒకటిగా వెళ్లిపోతాయి. ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చూడడం వేరు, చదవడం వేరు

బొమ్మ వచ్చినంత మాత్రాన కంప్యూటరుకు అందులో ఏమున్నదో తెలియదు. అక్షరం రాని మనిషి ఉత్తరాన్ని చూసినట్లే. చుక్కల గుంపును చూసి ఇది "క", ఇది "5" అని పోల్చుకునే విద్య వేరే వున్నది. దానిని ఓసీఆర్ అంటారు. అచ్చు ఇంగ్లీషును అది చాలావరకు తప్పు లేకుండా చదువుతుంది. మన తెలుగు దగ్గరకు వచ్చేసరికి కొంచెం తడబడుతుంది. గుణింతాలు, ఒత్తులు, ఒకే అక్షరానికి పైనా కిందా పక్కనా వేలాడే గుర్తులు! అయినా అచ్చు తెలుగును చదివే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వున్నవి. 1980లలో హ్యూలెట్ ప్యాకార్డు సంస్థలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా అందిన టెసరాక్టు అనేది వాటిలో ఒకటి. చేవ్రాత దగ్గర మాత్రం మనిషి కన్ను కావలసిందే.

తరువాత ప్రతి కాగితానికీ ఒక చీటీ తగిలించాలి: పంపినవారి పేరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఆర్డరు నంబరు. లైబ్రరీలో పుస్తకానికి కార్డు వ్రాసినట్లే. కార్డు తప్పు వ్రాసిన పుస్తకం లైబ్రరీలో వున్నా లేనట్లే గదా! ఇదీ అంతే. అందుచేత జాగ్రత్త గల ఆఫీసులలో మిషను చదివిన అంకెలను, ముఖ్యంగా సొమ్మునూ బిల్లు నంబరునూ, ఒక మనిషి పక్కన బొమ్మ పెట్టుకుని సరిచూస్తాడు.

దారి చూపే బంట్రోతు

ఇక అసలు విశేషం. ఈ సాఫ్ట్‌వేరుకు ముందుగా ఆఫీసు నియమాలు నేర్పి పెడతారు. ఏ రకం కాగితం ముందు ఎవరి దగ్గరకు, తరువాత ఎవరి దగ్గరకు వెళ్లాలి. ఎంత సొమ్ము దాకా ఎవరి సంతకం చాలు. ఎవరయినా సెలవులో వుంటే వారి బదులు ఎవరు. బిల్లు లోపలికి రాగానే అది ఆర్డరుతోనూ, సరుకు ముట్టిన చీటీతోనూ పోల్చి చూస్తుంది. ఆర్డరులో వంద పుస్తకాలు, ముట్టినవి తొంభై, బిల్లు వందకు అయితే, అక్కడే ఆపి సంబంధించినవారికి చూపుతుంది. అన్నీ సరిపోతే ముందుకు నడుపుతుంది. గడువు పెట్టిన రోజులు దాటితే ముందు ఆ ఉద్యోగికి గుర్తు చేస్తుంది. అయినా కదలకపోతే పై అధికారికి చెబుతుంది.

అదే పంపినవారి పేరుతో అదే బిల్లు నంబరు రెండవసారి వస్తే, "ఇది ముందే వచ్చింది" అంటుంది. ఆనాడు మా అకౌంట్సు వారి భయానికి ఇదే మందు. నకలు తెచ్చుకోమని ధైర్యంగా చెప్పివుండేవారు.

అన్నిటికన్నా నాకు నచ్చినది మరొకటి. ఎవరు ఏ రోజు, ఏ గంటకు తెరిచారో, ఏమి వ్రాశారో, ఎవరికి పంపారో, అంతా వరుసగా నమోదు అవుతుంది. "నా దగ్గరకు రాలేదు" అనే మాటకు చోటు లేదు.

మన దగ్గర చూసినదే

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకోనక్కరలేదు. స్థిరాస్తి అమ్మిన వారూ కొన్న వారూ ఎరిగినదే: పూర్వం రిజిస్ట్రారు ఆఫీసులో ప్రతి దస్తావేజునూ గుమాస్తాలు పెద్ద పుస్తకాలలోకి చేత్తో ఎత్తి వ్రాసేవారు. అసలు దస్తావేజు చేతికి వచ్చేసరికి రోజులు గడిచేవి. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "కార్డ్" అనే పథకంతో ఆ ఆఫీసులలో కంప్యూటర్లు పెట్టింది. చేతి నకలుకు బదులు స్కాను బొమ్మ వచ్చింది. ఎప్పుడో పెద్దలు కొన్న పొలానికి వుండే ఒకే ఒక్క ఆధారం చెదలకూ తడికీ బలి కాకుండా మరొకచోట నిలిచి వుండడం ఎంత ధైర్యమో, దస్తావేజు పోగొట్టుకున్న వారిని అడగాలి.

బొమ్మను నమ్మవచ్చునా?

నమ్మవచ్చు, గుడ్డిగా కాదు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక వింత బయటపెట్టాడు. ఒక ఇంటి ప్లానును జిరాక్సు సంస్థవారి యంత్రంలో స్కాను చేస్తే, వేరు వేరు వైశాల్యాలు గల మూడు గదులకూ 14.13 అనే అంకే వచ్చింది! బొమ్మను చిన్నది చేసే ప్రయత్నంలో, ఒకేలా కనిపించిన అంకెల ముక్కలను యంత్రం ఒకటిగా భావించి, ఒకదాని చోట మరొకటి అతికించింది. అక్షరం మసకబారితే మనకు అనుమానం వస్తుంది. స్పష్టంగా కనిపించే తప్పు అంకెను ఎవరు అనుమానిస్తారు? తరువాత ఆ సంస్థ సవరణ సాఫ్ట్‌వేరు విడుదల చేసింది. కాని పాఠం మిగిలింది: బొమ్మను అసలుతో సరిచూడకుండా అసలును చింపవద్దు.

చట్టం మాటేమిటంటే, 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు గుర్తింపు ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం వాటిని కోర్టులో చూపాలంటే తగిన ధ్రువపత్రం జతపరచాలి. వీలునామా వంటివి మాత్రం ఐటీ చట్టం పరిధిలోకి రావు. వాటికి కాగితమే శరణ్యం. కనుక ఏది వుంచాలో, ఏది ఎన్నాళ్లు వుంచాలో తెలిసినవారిని అడిగి నిర్ణయించుకోవడం మంచిది. బొమ్మలకు కూడా నకలు వుండాలి. అదీ మరొక ఊరిలో. ఒకే గదిలో రెండు పెట్టెలు పెడితే ఒకే నిప్పుకు రెండూ ఆహుతి. ఎవరు ఏది చూడవచ్చునో కూడా కట్టుదిట్టం చేయాలి. జీతాల పట్టిక అందరూ చదివే వార్తాపత్రిక కారాదు గదా!

కొన్ని బిల్లులకయితే స్కానింగు అవసరమే తగ్గిపోతున్నది. 2020 అక్టోబరు నుంచి పెద్ద వ్యాపారులకూ, 2023 ఆగస్టు నుంచి ఏటా 5 కోట్లు దాటిన వ్యాపారులకూ జీఎస్టీలో ఈ-ఇన్‌వాయిసు వచ్చింది. ఆ బిల్లు కంప్యూటరులోనే పుట్టి, 64 అక్షరాల గుర్తింపుతో వస్తుంది. కాని మా బైండింగు షాపు వంటివారి బిల్లు ఇప్పటికీ కాగితం మీదనే వస్తుంది. స్కానరు అవసరం వున్నది అటువంటివారికే.

మిషను చేయలేనిది

కాగితం ఏ బల్ల మీద వున్నదో సాఫ్ట్‌వేరు చెబుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు సంతకం చేసేలా చేయడం దాని వల్ల కాదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న వ్యాపారులకు ఇవ్వవలసిన సొమ్ము, ఒప్పందం ఎలా వున్నా, సరుకు అందుకున్న 45 రోజులు దాటరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. చట్టం వున్నది, మిషను వున్నది. ఇక కావలసినది మనసు.

మా బైండింగు షాపాయన బిల్లు 1988లో దొరికింది. ఆఫీసు వేరే భవనంలోకి మారుతూ వుంటే, పాత ఫైళ్లు విప్పినప్పుడు ఒక రైల్వే పార్సెలు రసీదు వెనుక, దానితోపాటు ఒకే గుండుసూదికి గుచ్చి కనిపించింది. బాకీ అడిగే మూడేళ్ల గడువు అప్పటికి చట్టరీత్యా దాటిపోయింది. అయినా మా మేనేజరు ధర్మాత్ముడు. చెక్కు వ్రాయించి, నన్నే ఇచ్చి రమ్మన్నాడు.

వెళ్లేసరికి షాపు లేదు. కటింగు మిషను అమ్మేసి, ఆయన మరొకరి ప్రెస్సులో కూలికి కుదిరాడు. చెక్కు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కటే అడిగాడు.

"ఇంతకీ ఏ బల్ల మీద వున్నదండీ?"

ఆ సూది గుచ్చినది నేనే. "నా బల్ల మీదే" అన్నాను.