కిడ్నీ మార్పిడి అయ్యాక ఇన్సూరెన్స్ ఎట్లా?

మన వాయల్పాడు, మదనపల్లె వైపు నుంచి కిడ్నీ మార్పిడికి తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో పోతుంటారు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఇన్సూరెన్స్ సంగతేంటి? మూడు మాటలు చెప్తా.

ఒకటి, పాత పాలసీ ఉంటే వదలొద్దు. క్లెయిమ్ తీసుకున్నారని కంపెనీ రెన్యువల్ ఆపకూడదు. కొత్త పాలసీ అడిగితే మాత్రం ఇవ్వం అనొచ్చు. అందుకే గడువు లోపల ప్రీమియం కట్టేయండి.

రెండు, కొత్త పాలసీ ఫారంలో ఆపరేషన్ సంగతి దాచొద్దు. ఏజెంటు ‘ఏం కాదులే’ అన్నా సరే. 2024 రూల్స్ ప్రకారం, ముందే ఉన్న జబ్బుకి వెయిటింగ్ 36 నెలలు దాటకూడదు. చెప్పి తీసుకుంటే ఆ గడువు తర్వాత కవర్ రావచ్చు. దాస్తే తీరా అవసరానికి క్లెయిమే పోవచ్చు.

మూడు, టాక్రోలిమస్ లాంటి మందులు కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేసుకోవాల్సిందే. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, నెలనెలా మాత్రలకి ఇవ్వవు. ప్రీమియం కోసం మాత్రలు తగ్గిస్తే వచ్చిన కిడ్నీయే పోతుంది. ముందు మాత్రల డబ్బు పక్కన పెట్టి, తర్వాత పాలసీ లెక్క చూసుకోండి.

కార్డు ఉన్నోళ్లు, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏమేం వస్తాయో ఆసుపత్రిలోనే కనుక్కోండి. ఇంట్లో పాలసీ ఉంటే ఈ రోజే తీసి రెన్యువల్ తేదీ చూడండి.