కొల్లేట్లో పడవెక్కితే
తిరువూరు నుంచి పిల్లలతో కైకలూరు దగ్గరి ఆటపాక వెళ్తున్నారా? 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేటి పక్షుల్ని చూడాలంటే నవంబరు, మార్చి నెలల మధ్య, ఎండ ముదరకముందే పడవెక్కండి.

జంతుప్రదర్శనశాలలోలాగా పక్షులు మనకోసం కాచుకుని ఉండవు. మొదట ముక్కుకి తగిలేది చేపల నీచు, రెట్టల వాసన! కొంచెం ఓర్చుకోండి. తల్లి గూడకొంగ సంచిలాంటి గొంతులోకి పిల్ల తలదూర్చి చేప తినడం చూశారంటే ఆ వాసన మాటే మరచిపోతారు.

లైఫ్ జాకెట్టు బిగించుకుని కూర్చోండి. ఫొటోకని లేచి నిలబడకండి. గూళ్ల దగ్గరికి పోనిమ్మని పడవ నడిపే అతన్ని తొందరపెట్టకండి. మన కేకలకి తల్లి ఎగిరిపోతే, గుడ్లు కాకుల పాలవుతాయి, రెక్కలురాని పిల్లలు ఎండకి మాడిపోతాయి. పసిబిడ్డ నిద్రపోయే ఇంట్లో ఎలా మసలాలో తెలిసిన మనకి ఇంతకంటే చెప్పాలా?